ఇంటి బట్టీ, న్యూజీలాండ్ చట్టం, కొంచెం రసాయనశాస్త్రం

(ఆక్లండ్‌లో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి ఇది రాతప్రతి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసివేయడం తప్ప మార్పులేమీ చేయలేదు.)

మిత్రులందరికీ నమస్కారం. మొదట చట్టం సంగతి చెప్పి, ఆ తరువాతే ఇంట్లో మద్యం కాచుకోవడం అనే అసలు విషయంలోకి వెళ్తాను. చట్టం సంగతి తేలకపోతే మీలో సగంమంది నా మాటలు వినకుండా, ఈయన ఎప్పుడు పోలీసులకు దొరుకుతాడా అని ఆలోచిస్తూ కూర్చుంటారు. న్యూజీలాండ్‌లో సొంత వాడకం కోసం ఇంట్లో స్పిరిట్, అంటే విస్కీ, రమ్, సారా లాంటి ఘాటు మద్యం, కాచుకోవడం నేరం కాదు. 1996లో వచ్చిన కస్టమ్స్ అండ్ ఎక్సైజ్ చట్టంతో ఆ నిషేధం తొలగిపోయింది. దాని స్థానంలో 2018లో వచ్చిన కొత్త చట్టం కూడా ఆ వెసులుబాటును అలాగే ఉంచింది. అయితే అమ్మకూడదు. ఒక్క సీసా అమ్మాలన్నా లైసెన్సు తీసుకోవాలి, ఎక్సైజ్ సుంకం కట్టాలి. గీత అక్కడ గీశారు.

ప్రపంచంలో ఇలాంటి దేశాలు చాలా తక్కువ. అమెరికాలో ఉన్న మన బంధువులు ఇంట్లో బీరు, వైను చేసుకోవచ్చు. బీరుకు 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం దారి తీసింది. కానీ స్పిరిట్ కాస్తే అక్కడ ఫెడరల్ నేరం, అయిదేళ్ళ దాకా జైలు, పదివేల డాలర్ల దాకా జరిమానా. 2024లో టెక్సాస్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఈ నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు ఇచ్చారు గానీ, ఆ తీర్పు ఆ దావా వేసినవారికి పరిమితమైనదే తప్ప దేశమంతటికీ ఇచ్చిన అనుమతి కాదు. ఇక మన ఊళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. మత్తు పానీయాలు మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అనుమతి లేకుండా సారా కాయడం కేసు పెట్టి జైలుకు పంపగలిగిన నేరం. కాబట్టి ఈ రికార్డింగును మీ తమ్ముడికో బావమరిదికో పంపేటప్పుడు, ఇది ఈ దేశంలో ఉన్నవాళ్ళ కోసం చెప్పిన మాట అని దయచేసి ఒక వాక్యం జోడించి పంపండి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ దేశం ఎప్పుడూ ఇలాగే ఉండేదా? లేదు. దక్షిణ దీవి చివర సౌత్‌లాండ్‌లో గోర్ అనే ఊరు ఉంది, దాని పక్కనే హొకొనుయి కొండలు. 1872లో స్కాట్లండ్ హైలాండ్స్ నుంచి మేరీ మెక్‌రే అనే వితంతువు పిల్లలతో సహా ఇక్కడికి వచ్చింది, వస్తూ విస్కీ కాచే విద్యనూ వెంట తెచ్చుకుంది. ఆ కుటుంబం, ఆ తరువాత ఇంకెందరో, ఆ కొండల్లో దశాబ్దాల తరబడి దొంగచాటుగా విస్కీ కాచారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్థానిక ఓటర్లే ఆ ప్రాంతంలో మద్యం అమ్మకాన్ని నిషేధించారు. నిషేధం వస్తే దొంగసారాకు గిరాకీ పెరుగుతుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా? వాళ్ళ సీసాల మీద పుర్రె, ఎముకల బొమ్మ వేసి, పోలీసు పరీక్ష తప్ప మిగతా పరీక్షలన్నీ నెగ్గిన సరుకు అని అచ్చు వేసిన లేబుల్ ఒకటి చాలా ప్రసిద్ధం. ఇప్పుడు గోర్‌లో ఆ చరిత్రకు ఒక మ్యూజియమే ఉంది. అటువైపు వెళ్ళినప్పుడు తప్పకుండా చూడండి.

అంటే ఒకప్పుడు పోలీసులు తరిమిన పనే ఇప్పుడు మ్యూజియంలోకీ గరాజుల్లోకీ చేరింది. ఈ మార్పులో నాకు ముఖ్యంగా కనిపించేది ఏమిటంటే, పని వెలుగులోకి వచ్చాక దాని గురించిన జ్ఞానం కూడా వెలుగులోకి వచ్చింది. పరికరాలు అంగళ్ళలో దొరుకుతున్నాయి, ఒకరు చేసినదాన్ని ఇంకొకరు రుచి చూసి తప్పు చెబుతున్నారు, ఏ లోహం వాడాలో ఏది వాడకూడదో బహిరంగంగా చర్చిస్తున్నారు. ఈ రోజు నేను చెప్పదలచుకున్న అసలు మాట అదే. దొంగచాటు పనిలో భయం ఉంటుంది గానీ తెలివిడి ఉండదు. ఏ భయం నిజమైనదో ఏది ఉత్తదో తేల్చి చెప్పేవాడు ఉండడు.

మన ప్రాంతం సంగతి తీసుకోండి. మనకు ఈ మాట వినగానే మొదట ఏం గుర్తుకొస్తుంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం గుర్తుకొస్తుంది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు, ఈ వరుస ఇక్కడ ఉన్న పెద్దలకు నాకంటే బాగా తెలుసు. అయితే ఒక సంగతి గమనించండి. ఆ ఆడవాళ్ళు తిరగబడింది ఇంట్లో ఎవరో సరదాగా కాచుకున్న గ్లాసెడు సారా మీద కాదు. వేలంపాటలో కాంట్రాక్టర్లు దక్కించుకుని, ఊరూరికీ ప్యాకెట్లలో చేర్చి, కూలి డబ్బు కూలి డబ్బుగా లాగేసుకున్న వ్యాపారం మీద. సొంత వాడకానికీ అమ్మకానికీ మధ్య ఈ దేశం గీసిన గీత నాకు అందుకే అర్థవంతంగా తోస్తుంది. మీలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు. తాగుడు తాగుడే అంటారు. ఆ వాదన నేను కాదనను, కానీ ఈ రోజు దానిలోకి వెళ్ళను.

ఇక పనిలోకి వద్దాం. ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది పరికరం గురించి అడుగుతారు, ఒకరో ఇద్దరో రుచి గురించి అడుగుతారు, పులియబెట్టడం గురించి ఎవరూ అడగరు. రాగి బట్టీ మెరుస్తుంది కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే. కానీ బట్టీ అంటే పులిసినదాన్ని కాచి, ఆ ఆవిరిని చల్లబరిచి పట్టే పరికరం, అంతే. అది కొత్తగా దేనినీ తయారు చేయదు. మన పత్రికల్లో తరచూ చూస్తుంటాం, ఎక్సైజ్ సిబ్బంది ఫలానా తండాలో ఇన్ని లీటర్ల బెల్లపు ఊట పారబోశారు అని. ఆ ఊటలో, అంటే పులియబెట్టిన తీపి నీళ్ళలో, ఏముందో అదే సీసాలోకి వస్తుంది. ఊట చెడితే రాగి కాదు, బంగారంతో బట్టీ చేయించినా లాభం లేదు.

లెక్క చెబుతాను, పెద్ద లెక్క కాదు. లీటరు ఊటలో సుమారు 17 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. నాలుగు కిలోల చక్కెరతో ఇరవై లీటర్ల ఊట కలిపితే అది పన్నెండు శాతం దగ్గరికి చేరుతుంది. ఇంకా ఎక్కువ చక్కెర పోస్తే ఇంకా ఎక్కువ వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. వస్తుంది, కానీ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి ఈస్ట్ అలసిపోయి, వేడెక్కి, అక్కరలేని వాసనలు పుట్టిస్తుంది. చక్కెర నీళ్ళలో ఈస్ట్‌కు తిండి ఉంటుంది గానీ పోషకాలు ఉండవు, నత్రజని కావాలి. ఇక్కడి అభిరుచి పరులు అందుకోసం డయామోనియం ఫాస్ఫేట్ వాడతారు. పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? మన రైతులు చేలో వేసే డీఏపీయే అది, కాకపోతే ఇది ఆహారానికి పనికివచ్చేలా శుద్ధి చేసినది. నాటుసారా కాసేవాళ్ళు ఎరువుల బస్తాల్లోంచే తీసి వేస్తారు. యూరియా కూడా వేస్తారు, అదే అన్నిటికంటే చెడ్డది. యూరియా ఆల్కహాల్‌తో కలిసి ఇథైల్ కార్బమేట్ అనే పదార్థంగా మారుతుంది, అది క్యాన్సర్ కారకంగా అనుమానించే పదార్థం. చూశారా, ఇద్దరూ చేసేది ఒకే పని, నత్రజని అందించడం. ఒకరికి ఏది వేయాలో చెప్పేవారున్నారు, రెండోవారికి లేరు.

ఊట పులవడం ఆగిందో లేదో బుడగలు చూసి చెప్పకూడదు. హైడ్రోమీటరు వేసి చూడాలి, నీళ్ళతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో చూపే గాజుగొట్టం అది. మొదట్లో 1.080 దగ్గర తేలిన గాజుగొట్టం, చక్కెర అంతా అయిపోయాక 1.000 కంటే కిందికి మునుగుతుంది. రెండు మూడు రోజులు వరుసగా అదే అంకె చూపిస్తే పని అయినట్టు. బెల్లపు ఊట మాత్రం అంత కిందికి దిగదు. పులవని పదార్థాలు, లవణాలు బెల్లంలో ఉంటాయి కాబట్టి కాస్త పైనే ఆగిపోతుంది.

ఇప్పుడు బట్టీ. స్కూల్లో మనకు ఏం చెప్పారు? ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్ళు 100 దగ్గర మరుగుతాయి, కాబట్టి 78 దగ్గర ఉంచితే ఆల్కహాల్ మాత్రమే ఆవిరవుతుంది అని. ఇది తప్పు. కలిసిన రెండు ద్రవాలు విడివిడిగా మరగవు. పది శాతం ఆల్కహాల్ ఉన్న ఊట సుమారు 92 డిగ్రీల దగ్గర మరగడం మొదలుపెడుతుంది, పైకి లేచే ఆవిరిలో ఆల్కహాల్ సగం దాకా ఉంటుంది, మిగిలింది నీరే. కాస్తున్నకొద్దీ ఊటలో ఆల్కహాల్ తగ్గి, మరిగే ఉష్ణోగ్రత మెల్లగా పెరుగుతూ పోతుంది. మీరు మంట పెంచితే ఉష్ణోగ్రత పెరగదు, ఆవిరి వేగం పెరుగుతుంది, అంతే. ఎన్నిసార్లు కాచినా మామూలు స్వేదనంతో 97 శాతం దాటి పోలేరు. అక్కడ నీళ్ళూ ఆల్కహాలూ ఒకే నిష్పత్తిలో కలిసి ఆవిరవుతాయి. ఈ ఒక్క సంగతి సరిగా అర్థమైతే తరువాతి విషయాలన్నీ సులువు.

తరువాతి విషయం అంటే వేరుచేయడం. మొదట వచ్చే భాగాన్ని హెడ్స్ అంటారు, నడుమ వచ్చేది హార్ట్స్, చివర వచ్చేది టెయిల్స్. హెడ్స్‌లో అసిటాల్డిహైడ్, ఇథైల్ అసిటేట్ ఎక్కువ. ఇథైల్ అసిటేట్ వాసన మీ అందరికీ తెలుసు, గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాసన అదే. టెయిల్స్‌లో బరువైన ఆల్కహాల్‌లు వస్తాయి, తడిసిన అట్టపెట్టె వాసన, తడిసిన కుక్క వాసన. నవ్వకండి, ఈ అభిరుచిలో ఉన్నవాళ్ళందరూ ఆ మాటే వాడతారు. మరి ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతుంది? ఏ యంత్రమూ చెప్పదు, ముక్కే చెప్పాలి.

అది ఎలా చేస్తారో కొంచెం దగ్గరగా చూపిస్తాను. గొట్టం చివర ఒక పెద్ద సీసా పెట్టి అంతా అందులోనే పట్టకూడదు. చిన్న గాజు సీసాలు డజనో ఇరవయ్యో తీసుకుని, ఒక్కొక్కదాని మీద అంకె వేసి, వరుసగా ఒకటి నిండగానే ఇంకొకటి మార్చుతూ పోవాలి. అన్నీ నిండాక మూతలు బిగించకుండా, మీద కాఫీ వడపోత కాగితమో పలుచటి గుడ్డో కప్పి, నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట ఒక రాత్రి ఉంచాలి. మరునాడు నడుమ ఉన్న సీసాతో మొదలుపెట్టాలి. ప్రతి సీసా నుంచీ రెండు చెంచాలు తీసి, అంతే నీళ్ళు కలిపి, అరచేతికి ఒక చుక్క రాసుకుని రుద్ది వాసన చూడాలి. నీళ్ళు కలపకపోతే ఆల్కహాల్ ఘాటు ముక్కును మొద్దుబారుస్తుంది, ఏమీ తెలియదు. నడుమ నుంచి మొదటి సీసా వైపు జరుగుతూ ఎక్కడ గోళ్ళ రంగు వాసన తగులుతుందో అక్కడ ఆగాలి. మళ్ళీ నడుమ నుంచి చివరి సీసా వైపు జరుగుతూ ఎక్కడ అట్టపెట్టె వాసన తగులుతుందో అక్కడ ఆగాలి. ఆ రెండింటి మధ్య ఉన్నదే తాగడానికి. మిగిలిన టెయిల్స్‌ను తరువాతి ఊటలో కలిపి మళ్ళీ కాచుకోవచ్చు, మొదటి సీసా మాత్రం పారబోయాలి, లేదా బార్బెక్యూ కడగడానికి వాడుకోవాలి. ఈ పని ఒకరికి పది నిమిషాల్లో అవుతుంది, ఇంకొకరికి ఒక పూట పడుతుంది. నా అభిప్రాయంలో ఈ అభిరుచి మొత్తంలో మనసుకు పని చెప్పే భాగం ఇదే. మిగిలినదంతా గిన్నెలు కడగడం.

రాగి ఎందుకు అంటే, పులిసేటప్పుడు పుట్టే గంధకపు వాసనలను రాగి పట్టి ఉంచుతుంది. స్టీలు బట్టీ అయినా ఆవిరి దారిలో ఎక్కడో ఒకచోట రాగి ఉండాలి. అంతకంటే దాని గురించి చెప్పవలసింది లేదు.

ఇప్పుడు మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న. కళ్ళు పోతాయా? మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ సంగతి ఏమిటి? 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో అరవై మందికి పైగా చనిపోయిన వార్త మనమందరం చదివాం. మిథనాల్ శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణం తీస్తుంది. కానీ ఆ మిథనాల్ ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో ఊట సరిగా కాయకపోవడం వల్ల వచ్చింది కాదు. పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ను లాభం కోసం కలిపి అమ్మారు. చక్కెర ఊట పులిస్తే మిథనాల్ దాదాపు పుట్టదు. పండ్లలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది కాబట్టి పండ్ల ఊటలో కొంచెం పుడుతుంది, పండ్ల తొక్కలూ పిప్పీ కలిపి పులియబెడితే ఇంకొంచెం ఎక్కువ.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి అదంతా మొదటి సీసాలోకి వచ్చేస్తుందని, దాన్ని పారబోస్తే చాలని చాలామంది ధీమాగా చెబుతారు. ఇందాక చెప్పిన మాట గుర్తు చేసుకోండి, కలిసిన ద్రవాలు విడివిడిగా మరగవు. మిథనాల్ మొదటి సీసా నుంచి చివరి సీసా దాకా పరుచుకుని వస్తుంది. మొదటి భాగం పారబోయడం మంచి అలవాటే, కానీ అది రుచి కోసం. కలుషితమైన సరుకు ఎవరైనా తెచ్చిస్తే, దాన్ని మళ్ళీ కాచి మొదటి సీసా పారబోసి శుద్ధి చేశాను అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. నీళ్ళు, చక్కెర, ధాన్యం, పండు, ఈస్ట్ తప్ప వేరే ఎక్కడి నుంచో వచ్చిన ఆల్కహాల్‌ను మీ బట్టీలో పోయకండి.

మరి నిజమైన ప్రమాదం ఏది? నిప్పు. ఆల్కహాల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, గాలిలో మూడు శాతం దాటితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. బాగా పలచబడిన నలభై శాతం స్పిరిట్ కూడా 26 డిగ్రీల దగ్గరే అంటుకోగల ఆవిరి వదులుతుంది, అంటే మన వేసవి మధ్యాహ్నం చాలు. చల్లబరిచే నీళ్ళ గొట్టం ఊడిపోయిందనుకోండి, ఆవిరి చల్లబడకుండా నేరుగా గదిలోకి వస్తుంది. పక్కన గ్యాస్ పొయ్యి ఉంటే? అందుకే విద్యుత్తుతో వేడి చేసే బట్టీ, తలుపులు తెరిచిన గరాజు, చేతికి అందేలా మంటలార్పే సిలిండరు. బయటికి వచ్చే దారి ఎప్పుడూ మూసుకోకూడదు, మూసుకుంటే అది కుక్కరు కాదు, బాంబు. కాస్తున్నంతసేపూ మనిషి పక్కన ఉండాలి, ఆ సమయంలో రుచి చూస్తూ కూర్చోకూడదు. తాగినవాడు బట్టీ దగ్గర ఉండకూడదు. ఇది నియమం అనుకోండి, చాదస్తం అనుకోండి, నేను మాత్రం దీని విషయంలో ఎవరి మాటా వినను.

రెండో ప్రమాదం సామాను. అమెరికాలో దొంగసారా కాసేవాళ్ళు పాత కార్ల రేడియేటర్లను చల్లబరిచే గొట్టాలుగా వాడేవారు. వాటి అతుకుల్లో సీసం ఉంటుంది, అది స్పిరిట్‌లోకి దిగి తాగినవాళ్ళను మెల్లగా చంపింది. మనవాళ్ళు ఎవరైనా టంకం వేయిస్తే సీసం లేని టంకమేనా అని అడగండి. వేడి ఆవిరి తగిలే చోట మామూలు ప్లాస్టిక్ గొట్టం వాడకండి.

ఇప్పుడు సరదా భాగం. మనం తెలుగువాళ్ళం కాబట్టి బెల్లంతో రమ్ కాయాలనే కోరిక కలగడం సహజం. ఇక్కడి ఇండియన్ అంగళ్ళలో మంచి బెల్లం దొరుకుతుంది. ముదురు రంగు బెల్లం వాడితే వాసన బాగా నిలుస్తుంది. అయితే బెల్లపు ఊట కాగేటప్పుడు బాగా నురుగు కడుతుంది, కాబట్టి బట్టీలో మూడింట రెండు వంతులకు మించి పోయకండి. రెండోది ఫెజోవా అనే పండు. ఏప్రిల్ వస్తే ఆక్లండ్‌లో ఎవరింటికి వెళ్ళినా సంచీడు ఫెజోవాలు చేతిలో పెడతారు, తినలేక, పారేయలేక బాధపడతాం. ఆ పండు రసం పులియబెట్టి కాస్తే దాని వాసన స్పిరిట్‌లోకి చక్కగా వస్తుంది. పండ్ల ఊట కాబట్టి పిప్పి తీసివేసి రసం మాత్రమే వాడండి, ఎందుకో ఇందాకే చెప్పాను. ధనియాలు, నారింజ తొక్క, జునిపర్ గింజలు వేసి జిన్ చేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ధనియాలు ఇంగ్లండ్ జిన్‌లో ఎప్పటినుంచో ఉన్న దినుసే కాబట్టి మనం కొత్తగా కలుపుతున్నామని గర్వపడనక్కరలేదు.

నీళ్ళు కలిపేటప్పుడు ఒక చిన్న వింత జరుగుతుంది. అర లీటరు ఆల్కహాల్‌లో అర లీటరు నీళ్ళు పోస్తే లీటరు రాదు, సుమారు 35 మిల్లీలీటర్లు తక్కువ వస్తుంది. ఎవరో తాగేశారని ఇంట్లోవాళ్ళను అనుమానించకండి. రెండు రకాల అణువులు ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకోవడం వల్ల అలా తగ్గుతుంది.

వెనక కూర్చున్న పెద్దాయన చెయ్యి ఎత్తారు. అడగండి అన్నయ్యగారూ. ఆయన అడిగింది మైకులో వినపడకపోతే నేను మళ్ళీ చెబుతాను. మనం చేసుకున్న సీసా ఒకటి ఇండియాకు పట్టుకెళ్ళవచ్చా అని అడుగుతున్నారు. విమాన నియమాల ప్రకారం 70 శాతం దాటిన ఆల్కహాల్‌ను చేతి సామానులోనూ పెట్టెలోనూ ఎందులోనూ తీసుకువెళ్ళకూడదు. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్నదాన్ని ఒక మనిషి అయిదు లీటర్ల దాకా తీసుకువెళ్ళవచ్చు గానీ, అది అంగట్లో అమ్మే ప్యాకింగ్‌లో ఉండాలి. మీరు పాత జామ్ సీసాలో పోసి, మూతకు టేపు చుట్టి తీసుకువెళ్ళే సరుకు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి అన్నయ్యగారూ, మీ బావగారికి రుచి చూపించాలని ఉంటే ఆయన్నే ఇక్కడికి పిలిపించుకోండి, ఏప్రిల్లో పిలిపిస్తే ఫెజోవాలు కూడా ఉంటాయి.